కార్వాన్ కథ: చార్మినార్ కంటే ముందే పడ్డ దారి

పాతబస్తీ సిరీస్‌లో ఇంకో ఎపిసోడ్‌కి వచ్చేశాం.

ముందు ఒక చిన్న ప్రశ్న. హైదరాబాద్‌లో చార్మినార్ ముందు కట్టారా, పురానాపూల్ ముందు కట్టారా? చాలామంది చార్మినార్ అనే అంటారు. సిటీ మొదలైంది అక్కడే కదా, తర్వాత రోడ్లు, బ్రిడ్జిలు వచ్చుంటాయి అనుకుంటాం. కానీ చార్మినార్ కట్టింది 1591లో. పురానాపూల్ 1578లో. అంటే వంతెన 13 ఏళ్లు పెద్దది.

మరి ఊరే లేనప్పుడు వంతెన ఎందుకు కట్టారు? దానికి జవాబు కావాలంటే వంతెనకి అటువైపు, అంటే గోల్కొండ వైపు ఉన్న ఒక పేట గురించి తెలుసుకోవాలి. దాని పేరు కార్వాన్. ఈరోజు మన ఎపిసోడ్ దాని మీదే.

పేరులోనే కథంతా ఉంది

కార్వాన్ అనేది పర్షియన్ మాట. ఇంగ్లీషులో క్యారవాన్ అన్నా, మన తెలుగులో బిడారు అన్నా అర్థం ఒకటే. సరుకు వేసుకున్న ఎద్దులు, ఒంటెలు, గుర్రాలు, వాటితోపాటు వ్యాపారులు, కాపలావాళ్లు, వంటవాళ్లు, అందరూ గుంపుగా కలిసి చేసే ప్రయాణం అన్నమాట. ఆ బిడార్లు వచ్చి దిగే చోటు కాబట్టి ఈ పేట కార్వాన్ అయ్యింది.

ఇప్పటికీ అక్కడ ఒక ఏరియాని కార్వాన్ సాహు అంటారు. సాహు అంటే సాహుకార్. గుర్తుపట్టారా? మన తెలుగులో షావుకారు అంటామే, అదే. అప్పులిచ్చే షావుకార్లు, హుండీలు రాసే షావుకార్లు, నగల వ్యాపారులు ఉండే చోటు. హుండీ అంటే గుళ్లో హుండీ కాదు. ఒక ఊళ్లో డబ్బు కట్టి కాగితం రాయించుకుంటే, ఇంకో ఊళ్లో ఆ కాగితం చూపించి డబ్బు తీసుకోవచ్చు. యూపీఐ లేని కాలంలో దొంగల భయం లేకుండా డబ్బు పంపే పద్ధతి అదే.

ముందు దారి, తర్వాత ఊరు

ఇప్పుడు 1570ల నాటి పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. రాజధాని గోల్కొండ. పాలిస్తున్నది ఇబ్రహీం కుతుబ్ షా. ఆయన 1550 నుంచి 1580 వరకు రాజుగా ఉన్నాడు. కోట లోపల జనం కిక్కిరిసిపోయారు. కోట గోడని రోజూ జరపలేం కదా. సో, జనం, వ్యాపారం కోట బయటకి, తూర్పు వైపుకి పాకడం మొదలైంది. ఆ తూర్పు వైపునే మూసీ నది అడ్డం.

వానాకాలంలో మూసీ పొంగితే దాటడం కష్టం. అటువైపు వెళ్లాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది. ఎందుకంటే తూర్పున సముద్ర తీరంలో మచిలీపట్నం ఉంది. గోల్కొండ రాజ్యానికి పెద్ద ఓడరేవు అదే. కలంకారీ బట్టలు అక్కడి నుంచే ఓడలెక్కేవి. తర్వాతి రోజుల్లో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు కూడా వచ్చి అక్కడే కొఠీలు పెట్టుకున్నారు. ఇటు పడమర వైపు చూస్తే బీదర్, బీజాపూర్, ఇంకా దూరం పోతే సూరత్. ఈ రెండు వైపుల దారులనీ కలపాలంటే మూసీ మీద వంతెన ఉండాలి. అలా వచ్చిందే పురానాపూల్. 22 కమానులు, దాదాపు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు.

వంతెన పడ్డాక అవతలి ఒడ్డుకి రాకపోకలు ఈజీ అయ్యాయి. 13 ఏళ్ల తర్వాత ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్ షా అదే అవతలి ఒడ్డున కొత్త నగరం కట్టించాడు. అదే హైదరాబాద్. అంటే ఊరు కట్టి దారి వేయలేదు. దారి పడింది కాబట్టి ఊరు వచ్చింది.

మరి ప్రేమకథ సంగతేంటి?

ఆగండి, ఇప్పటికే కామెంట్స్ టైప్ చేస్తున్నవాళ్లు ఉంటారు. "అన్నా, అది ప్రేమ వంతెన కదా, భాగమతి కోసం కట్టింది కదా, ప్యారానాపూల్ కదా" అని. ఆ కథ మనందరం విన్నదే. యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రం దూకించి భాగమతి కోసం నది దాటాడని, కొడుకు ప్రాణం మీదికి వస్తుందని తండ్రి భయపడి వంతెన కట్టించాడని.

కథ బాగుంటుంది. కానీ ఒక చిన్న లెక్క వేయండి. మహమ్మద్ కులీ పుట్టింది 1560ల మధ్యలో. వంతెన పూర్తయ్యింది 1578లో. అప్పటికి ఆయనకి 12, 13 ఏళ్లు. ఏడో క్లాస్ పిల్లాడి వయసు. భాగమతి నిజంగా ఉందా లేదా అన్న వాదన చరిత్రకారుల్లో ఎప్పటినుంచో ఉంది, అది వేరే ఎపిసోడ్ చేద్దాం. వంతెన వరకు మాత్రం బిడార్ల లెక్కే సరిపోతుంది, ప్రేమ లెక్క సరిపోదు.

ఇంకో మాట. కట్టినప్పుడు దాన్ని పురానాపూల్ అనే అవకాశమే లేదు. పురానా అంటే పాతది కదా. మూసీ మీద తర్వాత వేరే వంతెనలు వచ్చాయి, హైకోర్టు దగ్గర నయాపూల్ వచ్చింది. కొత్తది వచ్చాకే ఇది పాతది అయ్యింది.

10 గంటలకి రావడం, 5 గంటలకి పోవడం

ఇప్పుడు ఈ కథలోకి ఒక ఫ్రెంచ్ ఆయన వస్తాడు. పేరు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. వజ్రాల వ్యాపారి. 17వ శతాబ్దంలో ఇండియాకి చాలాసార్లు వచ్చాడు, గోల్కొండకి కూడా వచ్చాడు. ఆయన ప్రయాణాల పుస్తకం 1676లో అచ్చయ్యింది. అందులో ఈ పేట గురించి రాశాడు. ఆయన దాన్ని ఔరంగాబాద్ అన్నాడు. మహారాష్ట్రలో ఉన్న ఔరంగాబాద్ అనుకోకండి. వంతెన ఎక్కే ముందు వచ్చే పేట అన్నాడు, నగరం నుంచి గోల్కొండ కోటకి ఇదే పేట మీదుగా పోవాలి అన్నాడు. ఆ గుర్తులు కార్వాన్‌కే సరిపోతాయి.

ఆయన చెప్పిన విషయాలు చూడండి. ఈ పేట దాదాపు ఒక క్రోసు పొడవు ఉంటుందట. అంటే మన లెక్కలో సుమారు 3 కిలోమీటర్లు. వ్యాపారులు, దళారులు, పనివాళ్లు, మామూలు జనం అందరూ ఇక్కడే ఉంటారట. నది అవతల నగరంలో మాత్రం పెద్ద పెద్ద వాళ్లు, రాజుగారి ఉద్యోగులు, సైన్యాధికారులు ఉంటారు. పొద్దున 10, 11 గంటలకి ఈ వ్యాపారులు, పనివాళ్లు వంతెన దాటి నగరంలోకి వెళ్తారు. సాయంత్రం 4, 5 గంటల వరకు బేరాలు చేసుకుని, మళ్లీ ఇళ్లకి తిరిగొచ్చి పడుకుంటారు.

ఇది విన్నాక మీకేం గుర్తొచ్చింది? నాకైతే పొద్దున హైటెక్ సిటీ బస్సు గుర్తొచ్చింది. 350 ఏళ్ల క్రితమే మన ఊళ్లో ఆఫీస్ టైమింగ్స్ ఉన్నాయి! పని ఒక చోట, ఇల్లు ఒక చోట. నగరాన్ని నడిపేవాళ్లు నగరంలో ఉండరు, బయట శివార్లలో ఉంటారు. ఆ రోజూ అంతే, ఈరోజూ అంతే.

ఇంకో డీటెయిల్ కూడా ఉంది. బయటి నుంచి కొత్తవాళ్లు వస్తే గేటు దగ్గర ఆపి ఉప్పు గానీ, పొగాకు గానీ తెచ్చారా అని వెతికేవాళ్లట. రాజుగారికి వాటి మీదే మంచి ఆదాయం కాబట్టి. లోపలికి వెళ్లడానికి పర్మిషన్ రావాలి. ఒక్కోసారి దానికోసం ఒకటి రెండు రోజులు కూడా ఆగాల్సి వచ్చేదట. మరి అంతవరకు సరుకుతో, ఎద్దులతో ఎక్కడ ఉండాలి? గేటు బయట ఉన్న పేటలోనే కదా. అందుకే ఇక్కడి మసీదులు రెండు మూడు సత్రాల్లాగా కూడా పనికొచ్చేవని, చుట్టుపక్కల గుళ్లు కూడా కనిపిస్తాయని ఆయనే రాశాడు. పేట ఎందుకు పెరిగిందో అర్థమైంది కదా. ఆగాల్సిన చోట అన్నం, గడ్డి, పడక, అప్పు దొరకాలి. అవి దొరికేలా చేసిందే కార్వాన్.

వజ్రాలు ఎక్కడివి?

గోల్కొండ వజ్రాలు అంటాం గానీ, గోల్కొండలో గనులేమీ లేవు. గనులు కృష్ణా నది ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. అక్కడ తవ్విన రాళ్లు అమ్ముడయ్యే మార్కెట్ ఇక్కడ. అందుకే పేరు గోల్కొండకి వచ్చింది. గుంటూరు మిర్చి అన్నట్టే అనుకోండి. పంట చుట్టుపక్కల ఎక్కడెక్కడో పండుతుంది, యార్డు ఉన్న ఊరికి పేరొస్తుంది.

రీల్స్‌లో "కోహినూర్‌ని కార్వాన్‌లోనే సానపట్టారు" అని చెప్తుంటారు. దాన్ని మాత్రం చరిత్ర అని షేర్ చేయకండి. కోహినూర్ అనే పేరుతో ఆ వజ్రం గురించి స్పష్టమైన రాత 1740లలో, నాదిర్ షా దండయాత్ర గురించి రాసినవాళ్ల దగ్గరే మొదలవుతుంది. కార్వాన్ గొప్పతనానికి కోహినూర్ అవసరం లేదు. ఒక్క రాయి కాదు, ఏళ్ల తరబడి ఈ రాజ్యం వజ్రాల వ్యాపారం ఈ దారి మీద నడిచింది.

దమ్మిడీ మసీదు

ఇప్పుడు కార్వాన్‌లో తప్పకుండా చూడాల్సిన కట్టడం దగ్గరికి వద్దాం. టోలీ మసీదు. పురానాపూల్ నుంచి గోల్కొండ వెళ్లే పాత దారి మీద, ఎత్తైన అరుగు మీద ఉంటుంది. 1671లో కట్టారు. కట్టించింది మూసా ఖాన్, అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో మహల్దార్. ముందు వైపు ఐదు కమానులు, రెండు పక్కలా రెండు మినార్లు. సున్నం పని మీద నగిషీ చూస్తే మతిపోతుంది. కమానుల మీద పద్మాల్లాంటి గుండ్రటి డిజైన్లు ఉంటాయి, వాటిని మాత్రం ఫోన్ జూమ్ చేసి చూడండి.

దీనికి ఇంకో పేరు దమ్రీ మసీదు. దీని వెనక జనం చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఆ రోజుల్లో మక్కా మసీదు పని నడుస్తోంది. అది 1617లో మొదలై 1694 దాకా సాగింది. ఆ పని చూసుకునే మూసా ఖాన్‌కి, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ ఒక దమ్రీ కమిషన్‌గా ఇచ్చేవారట. దమ్రీ అంటే అన్నిటికంటే చిన్న నాణెం. ఆ దమ్రీలన్నీ కూడబెట్టి ఆయన ఈ మసీదు కట్టించాడని అంటారు.

ఆ దమ్రీ ఎక్కడికో పోలేదు. మన తెలుగులో దమ్మిడీగా ఉంది. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని మన ఇళ్లలో అంటారు కదా, ఆ దమ్మిడీయే. షావుకారు, దమ్మిడీ. ఈ రోడ్డు మీద తిరిగిన మాటలు మన అమ్మమ్మల నోటి దాకా వచ్చేశాయి. భాషలు కూడా బిడార్లతోపాటే ప్రయాణం చేస్తాయి.

దారికి ఒక కొన తెగిపోయింది

ఇంత వెలిగిన పేట మరి ఎందుకు వెనకబడింది? 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడి చేసి, సెప్టెంబర్‌లో గోల్కొండని పట్టుకుంది. కుతుబ్ షాహీల పాలన అయిపోయింది. ఇప్పుడు ఆలోచించండి. కార్వాన్ ఉన్నది దేని మీద? గోల్కొండ, హైదరాబాద్, ఈ రెండిటి మధ్య దారి మీద. గోల్కొండ ఖాళీ అయ్యాక దారికి ఒక కొన తెగిపోయినట్టే.

తర్వాత ఆసఫ్ జాహీలు వచ్చారు. వాళ్ల రాజధాని మొదట మహారాష్ట్రలోని ఔరంగాబాద్. 18వ శతాబ్దం రెండో సగంలో నిజాం అలీ ఖాన్ కాలంలో రాజధాని మళ్లీ హైదరాబాద్ వచ్చింది. కానీ ఈసారి నగరం పడమరకి కాకుండా, తూర్పుకి, ఉత్తరానికి పెరిగింది. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ, అటు సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ వచ్చాయి. వ్యాపారులకి బేగం బజార్ దొరికింది. ఆ తర్వాత రైలు వచ్చింది. షావుకార్లలో చాలామంది డబ్బు ఎక్కడుంటే అక్కడికి కదిలారు. కార్వాన్ మామూలు బస్తీ అయ్యింది.

అయితే ఖాళీ మాత్రం కాలేదు. జియాగూడలో రంగనాథస్వామి గుడి ఉంది, వైకుంఠ ఏకాదశికి ఇసకేస్తే రాలదు. బోనాలప్పుడు దర్బార్ మైసమ్మ దగ్గర జాతర చూడాలి. పక్కనే గుడిమల్కాపూర్‌లో నిజాం కొలువులో పనిచేసిన ఝామ్ సింగ్ పేరు మీద గుడి ఉంది, మసీదు కూడా ఉంది. సిటీకి పూలన్నీ వచ్చే మార్కెట్టూ గుడిమల్కాపూర్‌లోనే ఉంది. ఎవరింట్లో పెళ్లయినా దండ ఇటునుంచే పోతుంది.

వంతెన నిలబడ్డ రోజు

1908 సెప్టెంబర్ 28. మూసీకి వరద వచ్చింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. నయాపూల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. రెండు ఒడ్ల మధ్య మిగిలిన ఒకే ఒక దారి పురానాపూల్. అప్పటికి దాని వయసు 330 ఏళ్లు. దెబ్బలు తగిలినా నిలబడింది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. అలా ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో వచ్చాయి.

ఇప్పుడు ట్రాఫిక్ అంతా పక్కనే ఉన్న కొత్త వంతెన మీద పోతుంది. పురానాపూల్ మీద కూరగాయల మార్కెట్ ఉంటుంది. టమాటాలు, మునక్కాయలు, కొత్తిమీర కట్టలు. "హెరిటేజ్ కట్టడం మీద మార్కెట్ ఏంటి" అని కొందరు కోప్పడతారు. ఆ కోపంలో కొంత న్యాయం ఉంది. వంతెనకి రిపేర్లు కావాలి, చెత్త పేరుకుపోకూడదు, కింద మూసీ కంపు కొట్టకూడదు. కానీ ఇంకోవైపు చూడండి. ఈ వంతెన పుట్టిందే సరుకు మోసే జనం కోసం. 447 ఏళ్లు దాటినా దాని మీద ఇంకా బేరం నడుస్తోందంటే, అది చనిపోయిన కట్టడం కాదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మూసీ రివర్‌ఫ్రంట్ గురించి వార్తలు మీరూ చూస్తున్నారు. 2024లో నది ఒడ్డున ఇళ్లకి ఎర్ర రంగుతో మార్కింగ్ వేయడం, కొన్ని కుటుంబాల్ని డబుల్ బెడ్రూమ్ ఇళ్లకి పంపడం చూశాం. నది బాగుపడాలి, అందులో డౌట్ లేదు. కానీ బాగుచేసేటప్పుడు వంతెనని ఒక్కదాన్ని కడిగి, లైట్లు పెట్టి, ఫోటో పాయింట్ చేసి, దాని మీద బతికే మనుషుల్ని మర్చిపోతే ఏం మిగులుతుంది? కట్టడం మిగులుతుంది, కార్వాన్ మిగలదు. ఆ అమ్మేవాళ్లకి పక్కనే సరైన చోటు చూపించి, వంతెనకి రిపేర్ చేస్తే రెండూ బతుకుతాయి. ఇది పెద్ద రాకెట్ సైన్సేమీ కాదు.

ఒక ఆదివారం ఇలా ప్లాన్ చేయండి

చివరగా, మీకోసం ఒక రూట్. పొద్దున్నే గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి టోలీ మసీదు. నమాజు టైమ్ కాకుండా చూసుకోండి, చెప్పులు బయట వదిలి, అడిగి లోపలికి వెళ్లండి. తర్వాత కార్వాన్ గల్లీల మీదుగా జియాగూడ, అక్కడి నుంచి పురానాపూల్. వంతెన మీద ఆగి కూరగాయలు కొనండి, ఊరికే ఫోటోలు తీసుకుని రాకండి. వంతెన దిగగానే పురానాపూల్ దర్వాజా. పాత నగరం గోడకి ఒకప్పుడు డజనుకి పైగా దర్వాజాలుండేవి. ఇప్పుడు మిగిలినవి రెండే, ఇదొకటి, దబీర్‌పురా దర్వాజా ఇంకొకటి. అక్కడి నుంచి హుస్సేనీ ఆలం మీదుగా నేరుగా చార్మినార్. చాయ్, ఉస్మానియా బిస్కెట్‌తో ముగించండి.

గోల్కొండకి వెళ్తాం, చార్మినార్‌కి వెళ్తాం, రెండింటి ముందూ సెల్ఫీ తీసుకుంటాం. ఆ రెండింటినీ కలిపిన దారిని మాత్రం ట్రాఫిక్ జామ్ అని తిట్టుకుంటూ దాటేస్తాం. ఈసారి ఆ జామ్‌లో ఇరుక్కుంటే ఒక్కసారి పక్కకి చూడండి. ఒకప్పుడు ఇక్కడే ఎద్దుల బిడార్లు కూడా పర్మిషన్ కోసం ఇలాగే ఆగేవి.

మీ ఏరియా పేరు వెనక కూడా ఇలాంటి కథ ఏదో ఉండే ఉంటుంది. ఇంట్లో నానమ్మనో తాతయ్యనో అడిగి కామెంట్‌లో రాయండి, మంచివి తీసుకుని ఎపిసోడ్ చేద్దాం. మళ్లీ కలుద్దాం, ఖుదా హాఫీజ్, నమస్తే.